బుర్రావారి కారుకి టర్బో

“నీ బరువుకే ఆగింది కారు.”

“నా బరువుకి కాదు. తోలుతున్న నీ మొహం అద్దంలో చూసి ఆగింది.”

కిందటి దసరాకి మొదలైన తగువు ఇది. మళ్ళీ దసరా వచ్చేస్తోంది, తగువు మాత్రం పోలేదు. చినగుమ్మడివలసలో బుర్రావారన్నదమ్ములు ముగ్గురు. పెద్దోడు పోలినాయుడు కారు తోల్తాడు. నడిమోడు సింహాద్రి అందులో కూర్చుంటాడు. చిన్నోడు తవుడు అది ఆగిపోయినప్పుడు తోస్తాడు. ముగ్గురికీ కలిపి ఒకటే పాత డీజిలు కారు. కిరాయికి తిప్పుతారు. కిందటి దసరాకి కొండమీదకి కిరాయొస్తే ఘాట్ రోడ్డు మీద నాలుగో మలుపులో దగ్గి, తుమ్మి, ఆగి, వెనక్కి జారుకుంటూ మళ్ళీ కొండ కిందకే వచ్చేసింది. తప్పెవరిదని ఆవేళ్టినుంచీ రోజూ పంచాయితీయే.

“ఇద్దరూ ఊరుకోండి,” అన్నాడు తవుడు. “పైన ఏటుందో మనం కారుకి చెప్పలేదు. ఏటుందో తెలీకుండా ఎవరైనా కొండెక్కుతారా?”

అన్నలిద్దరూ నోళ్ళు తెరిచి వాణ్ణి చూశారు. ఎంత తెలివి! మర్నాడు పొద్దున్నే పోలినాయుడు కారు ముందు దీపాల దగ్గర గొంతుక్కూర్చుని, పైన టీకొట్టుంది, చల్లగాలుంది, చక్కటి పనసచెట్లున్నాయని చెప్పొచ్చాడు. కారేం మాట్లాడలేదు. ఒప్పుకుందన్నమాట.

“ఇంటిపేరులోనే బుర్ర ఉన్నోళ్ళం,” అని ముగ్గురూ మీసాలు దువ్వుకున్నారు. ఊళ్ళో ఎవరూ వాళ్ళని సలహా అడగరు. అడగడానికి జంకుతున్నారని వాళ్ళ నమ్మకం.

ఆ ఇంట్లో నిజంగా సంపాదించేది మాత్రం ఒక్కర్తే. గేదె. పేరు చుక్క. పోలినాయుడి పెళ్ళాం నూకాలమ్మ పుట్టింటినుంచి తెచ్చుకుంది. రెండుపూటలా పాలిస్తుంది, ఏ పూటా మీసం దువ్వదు. ముగ్గురు మగాళ్ళ తెలివినీ ఆ గేదే పోషిస్తోంది.

ఇలా ఉండగా పాత్రుడుబాబు కబురెట్టాడు. కొండమీద గెస్టుహౌసు కట్టాడాయన. వచ్చే చుట్టాల్నీ పోయే చుట్టాల్నీ రోజూ ఎక్కించి దింపడానికి బండి కావాలి.

“ఒరే పోలినాయుడూ, సోమారం పొద్దున్న నన్నూ మావాళ్ళు ముగ్గుర్నీ కొండెక్కించు. దారిలో ఎక్కడా ఆక్కుండా ఎక్కితే ఏడాది పొడుగునా కిరాయి నీదే. ఆగిందా, బంగార్రాజు జీపుకిచ్చేస్తాను.”

బంగార్రాజంటే పక్కూరివాడు. వాడి జీపు కొండెక్కుతుంటే మేకపిల్ల గట్టెక్కినట్టుంటుంది. ముగ్గురూ కలిసి వాడి దగ్గరకే వెళ్ళారు. పోటీవాణ్ణి సలహా అడగడం ఏ బుర్రకైనా తడుతుందా? వాళ్ళకి తట్టింది.

“ఏం లేదు బావా, టర్బో ఉంది,” అన్నాడు బంగార్రాజు. “పట్నంలో దాలయ్య మేస్త్రినడగండి, చెప్తాడు.”

దాలయ్య మేస్త్రి చెయ్యి పనిలోనే ఉంటుంది, నోరూ పనిలోనే ఉంటుంది. నత్తగుల్లలాంటి ఇనపముక్కొకటి తీసి వాళ్ళ ముందు పెట్టాడు.

“ఇంజనంటే ఏటనుకున్నారు? మనిషిలాగే ఊపిరి తీస్తాది. గాలీ డీజిలూ లోపల కలిసి మండితేనే చక్రం తిరుగుద్ది. వట్టి డీజిలు ఎక్కువ పోస్తే ఏం లాభం? మండ్డానికి గాలి చాలక నల్లపొగ కక్కుద్ది. కొండెక్కేటప్పుడు మీ కారుకి ఊపిరి చాలట్లేదు. ఇదిగో, దీన్లో రెండు ఫ్యాన్లున్నాయి. రెంటికీ కడ్డీ ఒకటే. ఇంజన్లోంచి బయటకి పోయే పొగ ఉత్తినే పోకుండా ఈ ఫ్యాన్ని తిప్పి పోద్ది. ఇది తిరిగితే అదీ తిరుగుద్ది. అది బయటి గాలిని పట్టుకుని ఇంజన్లోకి తోసేస్తాది. గాలెక్కువ, డీజిలెక్కువ, బలమెక్కువ. తెలిసిందా?”

“తెలిసింది,” అన్నారు ముగ్గురూ. తెలీలేదని వాళ్ళు పుట్టాక ఎప్పుడూ అన్లేదు.

“బిగించడంతో కలిపి ఏడువేలు.”

ముగ్గురూ బయటికొచ్చి పకపకా నవ్వుకున్నారు. “పిచ్చి మేస్త్రి! రహస్యం ఉత్తినే చెప్పేశాడు. పొగ, ఫ్యాను, గాలి. మూడూ మనింట్లోనే ఉన్నాయి. ఏడువేలెందుకు?”

అంతే. ఇంటికెళ్ళి, నూకాలమ్మ వంటింట్లో బల్లఫ్యాను పెట్టి, దానికెదురుగా తడిగడ్డి కుప్పపోసి అంటించారు. పొగొచ్చింది. ఫ్యాను తిరగలేదు. 

“పొగ చాల్లేదు,” అన్నాడు సింహాద్రి. 

ఇంకా గడ్డేశారు. ఎదురుగా ఉన్న ఫ్యాను కనపడ్డం మానేసింది. 

“కనపట్టం లేదంటే తిరుగుతోందన్నమాట,” అన్నాడు తవుడు. “గట్టిగా తిరిగే ఫ్యాను రెక్కలు కనపడతాయేటి?” 

ఇంకేముంది, ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఇల్లంటుకుందనుకుని వీధివీధంతా బిందెల్తో పరిగెత్తుకొచ్చి, తలుపుతీసి, ముగ్గురి మీదా, ఫ్యాను మీదా, పొయ్యిమీది పులుసు మీదా కుమ్మరించారు. ఫ్యాను అంతటితో సరి.

“ఓలమ్మో, నా పులుసు!” అంది నూకాలమ్మ. 

“పులుసు పోతే పోయింది, పొగ పని చేస్తాదని తెలిసింది కదే,” అన్నాడు పోలినాయుడు.

మర్నాడు తవుడు ఇంకో ఉపాయం పన్నాడు. కొండమీద కారుకి గాలి చాలట్లేదు. అంతే కదా? అయితే కిందనుంచి మనమే పట్టుకెళ్తే సరి. గోనెసంచులు పట్టుకుని గాలి బాగా వీచే పొలంగట్టు మీద నిలబడ్డాడు. సంచి మూతి తెరుస్తాడు, గాలి నిండగానే గట్టిగా తాడేసి కట్టేస్తాడు. అలా కట్టినవన్నీ కారెక్కించారు. సింహాద్రి ఒక సంచి ఎత్తి చూసి మొహం చిట్లించాడు. 

“బరువే లేదురా. సరిగ్గా నింపావా?” 

“మంచి గాలి చిన్నన్నయ్యా, తేలిగ్గానే ఉంటాది.” 

“కారిపోయిందేమో?” 

“కారితే కింద తడి ఉండాలి కదా?” 

తడి లేదు. కాబట్టి కారలేదు. ఘాటు దగ్గరకెళ్ళి, నాలుగో మలుపులో కారు దగ్గగానే దాని మొహమ్మీద ఒక్కొక్క సంచీ విప్పారు. కారు వెనక్కి జారుకుంటూ మళ్ళీ కొండ కిందకే వచ్చేసింది.

“మనూరి గాలి దీనికి పడట్లేదు,” అని తేల్చారు. “టర్బో పెట్టించాల్సిందే.”

ఏడువేలు ఎక్కణ్ణుంచొస్తాయి? ముగ్గురి కళ్ళూ పశువుల పాక మీదికెళ్ళాయి. 

నూకాలమ్మ పాకకి అడ్డంగా నిలబడింది. “నా చుక్కని ముట్టుకుంటే చేతులిరుగుతాయి.” 

“అమ్మట్లేదే. మేస్త్రి దగ్గర కుదువ పెడతాం. సోమారం కొండెక్కుతాం, పాత్రుడుబాబు బయానా ఇస్తాడు, ఆ ఏడువేలూ మేస్త్రి మొహాన కొట్టి విడిపించుకొస్తాం.” 

“తేకపోతే?” 

“తేకపోవడమేటి? మన బుర్రలకేటైందని?” 

నూకాలమ్మ ఆలోచించింది. ఆవిడా బుర్రావారింటి కోడలే కదా, ఇన్నాళ్ళూ ఆ ఇంటి గాలే పీల్చింది. చుక్క మెడ నిమిరి పలుపు వదిలేసింది.

మేస్త్రి గేదెని కట్టేసుకుని, “శుక్రవారం సంత లోపు ఏడువేలు రాకపోతే సంతలో అమ్మేస్తాను,” అని ఖరాఖండీగా చెప్పాడు. చెప్పి టర్బో బిగించాడు. తాళమిస్తూ జాగ్రత్తలు చెప్పాడు.

“వినండి. గాలిని నొక్కితే వేడెక్కుద్ది. వేడిగాలి పల్చన, బలముండదు. చల్లగాలి తగిలేలా ముందుభాగం ఖాళీగా ఉంచండి. ఇంకోటి, తొక్కిన వెంటనే ఊపు రాదు. పొగొచ్చి ఫ్యాను తిరగాలి కదా, కాస్త ఆగాలి. అప్పుడొస్తాది. ఆఖర్ది, ఇదే ముఖ్యం. కొండెక్కాక నత్తగుల్ల ఎర్రగా కాలిపోయి ఉంటాది. వెంటనే ఇంజనాపేశారా, లోపల ఆయిలు తిరగడం ఆగిపోయి మాడి చస్తాది. కారు నిలబెట్టి, ఇంజను ఆడనిచ్చి, అది కాస్త చల్లబడేదాకా తాళం ముట్టుకోకండి.”

“తెలిసింది,” అన్నారు ముగ్గురూ.

పట్నం దాటగానే పోలినాయుడు గట్టిగా తొక్కాడు. వెంటనే ఊపు రాలేదు. “ఆగమన్నాడు కదా,” అని నడిరోడ్డు మీద కారాపి, చేతి బ్రేకేసి దిగాడు. ముగ్గురూ రోడ్డు మీద నిలబడి వచ్చిన దారికేసి చూస్తున్నారు. వెనకాల బస్సొచ్చి ఆగింది. కండక్టరు తల బయటపెట్టాడు. 

“ఎవరికోసమయ్యా?” 

“ఊపొస్తాదంట. మేస్త్రి చెప్పాడు.” 

“ఎక్కడ ఎక్కుతాడు?” 

“ఎక్కడెక్కుతాడో అడగలేదురా తవుడూ!” అని పోలినాయుడు నెత్తి కొట్టుకున్నాడు. బస్సులోవాళ్ళంతా దిగొచ్చి తిట్లందుకున్నాక గానీ కారు కదల్లేదు.

ఇంతలో తవుడు వెనక అద్దంలోంచి చూసి కెవ్వుమన్నాడు. “పెద్దన్నయ్యా! పొగ పోతోంది! ఏడువేలెట్టి పొగతో పన్చేసే సామాను పెట్టించుకుంటే, ఆ పొగని రోడ్డుమీద పారబోస్తున్నాం!” 

అంతే. దిగి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, వెనక గొట్టంలోకి కర్రతో బిగించి కూరేశాడు. ఇంజను గుటకలు మింగింది, వణికింది, ఆగిపోయింది. “పొగ దాచుకుంటోంది,” అన్నాడు సింహాద్రి. పోలినాయుడు మళ్ళీ తాళం తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఇంకేముంది, ఢామ్మని తువ్వాలు పిరంగిగుండులా ఎగిరి, ఎదురుగా సైకిలు మీదొస్తున్న ప్రెసిడెంటుగారి తెల్లచొక్కా మీద నల్లగా అంటుకుంది. 

“ఎంత బలమో చూశారా బాబూ!” అన్నాడు పోలినాయుడు. ప్రెసిడెంటుగారు సైకిలు పంపుతో సమాధానం చెప్పారు. ముగ్గురికీ చెప్పారు.

సోమవారమొచ్చింది. పాత్రుడుబాబు చుట్టాలతో సహా దిగాడు. కారు బానెట్టు మీద ఓ పక్కగా సింహాద్రిని తాళ్ళతో కట్టేసి ఉన్నారు. వాడి చేతిలో తాటాకు విసనకర్ర.

“ఇదేట్రా?” 

“గాలి వేడెక్కుతాదంట బాబూ. మా తమ్ముడు చల్లారుస్తాడు.” 

“దించెయ్యరా వాణ్ణి!” 

“దించితే కొండెక్కదు బాబూ.” 

పాత్రుడుబాబు చుట్టాల మొహాలు చూశాడు. వాళ్ళు నవ్వాపుకోలేక దగ్గుతున్నారు. సరే కానియ్యమన్నాడు.

పోలినాయుడు తొక్కాడు. కాస్త ఆగాడు. ఈసారి దిగలేదు, ప్రెసిడెంటుగారి పంపు గుర్తుంది. నత్తగుల్ల సన్నగా ఈలేసింది. వీపుమీద ఎవరో చరిచినట్టు కారు ముందుకి దూకింది. ఒకటో మలుపు, రెండో మలుపు. సింహాద్రి విసురుతున్నాడు, అరుస్తున్నాడు, మళ్ళీ విసురుతున్నాడు. నాలుగో మలుపు వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. గెస్టుహౌసు గుమ్మం ముందు ఆగేసరికి సింహాద్రి పళ్ళనిండా పురుగులు, చేతిలో ఈనెలు. 

“ఎక్కించావురా!” అని పాత్రుడుబాబు జేబులోంచి పదివేలు తీసి బయానా ఇచ్చాడు. “ఏడాది కిరాయి నీది. టీ తాగొస్తాను, మావాళ్ళని రైలుకి దింపాలి.”

పోలినాయుడి గుండె ఉబ్బింది. చుక్క ఇంటికొచ్చినట్టే. పదివేలూ లోపలి జేబులో పెట్టి కారు దగ్గరకొచ్చాడు. ఇంజను ఆడుతోంది. 

“తవుడూ, చల్లబడిందేమో చూడు.” 

తవుడు బానెట్టు మీద చెయ్యి పెట్టి వెనక్కి లాక్కున్నాడు. “అబ్బ! కాలిపోతోంది.” 

“అయితే ముట్టుకోకు. ఆడనియ్.”

పాత్రుడుబాబు టీ తాగొచ్చాడు. “పద.” 

“ఇంకా చల్లబళ్ళేదు బాబూ. చల్లబడేదాకా నిలబెట్టాలి.” 

“రైలెళ్ళిపోద్దిరా!” 

“రైలుకి టర్బో లేదు బాబూ, దానికేం తెలుస్తాది?” 

పాత్రుడుబాబు చేతిలో ఉన్న టీ గ్లాసు విసిరికొట్టి బంగార్రాజుకి కబురెట్టాడు. వాడు మేకపిల్లలాగా ఎక్కొచ్చి చుట్టాల్ని తీసుకుపోతూ, కారు బానెట్టు మీద మెల్లిగా చెయ్యేసి, నాలిక చప్పరించాడు. 

“బావా, బాగా వేడిగా ఉంది. పొరపాటున కూడా ఆపకండి.”

ఇంకేముంది, ఆపలేదు. మంగళవారం కూడా ఇంజను ఆడుతూనే ఉంది. ఆడుతుంది కాబట్టి వేడిగానే ఉంది. వేడిగా ఉంది కాబట్టి ఆపలేదు. డీజిలైపోవస్తే బంగార్రాజు కిందనుంచి డబ్బాల్తో తెచ్చిచ్చాడు. డీజిలుకింత, డబ్బా మోసినందుకింత, కొండెక్కినందుకింత, బావా అని పిల్చినందుకింత. పోలినాయుడు జేబులోంచి నోట్లు తీస్తూనే ఉన్నాడు. సింహాద్రి కొత్త విసనకర్రతో విసురుతున్నాడు. తవుడు గంటకోసారి చెయ్యి కాల్చుకుంటున్నాడు. 

“చూశావా దీని బలం,” అన్నాడు. “ఎంతకీ చల్లబట్టం లేదు!”

బుధవారం పాత్రుడుబాబు మనిషిని పంపాడు. ఏడాది కిరాయి బంగార్రాజుకిచ్చేశాం, బయానా మీ మొహాన పారేశాం అనుకోండి, గుమ్మం ముందు ఆ చప్పుడు మాత్రం ఆపండని. 

“ఆపితే చచ్చిపోద్ది,” అని ముగ్గురూ కారుకడ్డంగా నిలబడ్డారు.

గురువారం నూకాలమ్మ దిగింది. రేపే సంత. పాక ఖాళీ, కుండ ఖాళీ. 

“నా గేదె డబ్బేది?” 

పోలినాయుడు జేబులో మిగిలింది తీసిచ్చాడు. నూకాలమ్మ లెక్కెట్టి ఊపిరి పీల్చుకుంది. ఏడువేలూ ఉన్నాయి, పైన నలభై ఉంది. కొంగున ముడేసుకుంది. 

“ఇంక ఇంటికి పదండి.” 

“చల్లబడాలే.” 

నూకాలమ్మ కూడా చెయ్యి పెట్టి చూసి, నోట్లో వేలు పెట్టుకుంది. “నిజమే, గంజి వార్చిన కుండలా ఉంది. ఎవరు చెప్పారో ఆ మేస్త్రినే పిలిపించండి. ఎలగూ డబ్బు కూడా ఇక్కడే అతని చేతిలో పెట్టేస్తాను.”

మేస్త్రి లారీ పట్టుకొచ్చాడు. సంగతి విని, నోట తిట్టే తప్ప మాట రాక, కారులో చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగిపోయింది. కొండమీద పిట్టల కూతలు మళ్ళీ వినపడ్డాయి.

“చంపేశాడు!” అని తవుడు కింద పడిపోయాడు. 

“వేడిగా ఉండగానే ఆపేశాడు!” అని సింహాద్రి విసనకర్రతో నెత్తి బాదుకున్నాడు. 

“ఒరే, కాస్త చల్లబడేదాకా అంటే టీ తాగినంతసేపు! నాలుగ్రోజులాడిస్తే ఎలా చల్లబడుద్దిరా? ఇంజనాడుతుంటే వేడి ఉండదా? ఇదిగో, తిప్పితే మళ్ళీ లేస్తాది, చూడు—” 

“ముట్టుకోకు!” అని పోలినాయుడు తాళం లాక్కుని గుండెకి హత్తుకున్నాడు. “ఒకసారి చంపావు, చాల్లేదా? శవంతో ఆడుకుంటావా?” 

“సరే, నా ఏడువేలు?” 

నూకాలమ్మ కొంగు రెండు చేతులా పట్టుకుంది. “చంపినోడికి డబ్బా? ముందు బతికించు, తర్వాత అడుగు.” 

“తాళమియ్యకుండా ఎలా బతికిస్తానమ్మా?” 

“చూశారా, చేతకాదని ఒప్పుకున్నాడు,” అన్నాడు తవుడు. 

మేస్త్రి చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. “రేపు సంతలో మీ గేదె,” అని లారీ ఎక్కేశాడు.

మధ్యాహ్నానికి కారు గోరువెచ్చనయ్యింది. సాయంత్రానికి మంచుముద్దలా చల్లబడిపోయింది. నూకాలమ్మ వెనక గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. ఊపిరి లేదు. చెవి ఆనించి విన్నది. గుండె కొట్టుకోవట్లేదు. లేచి నిలబడి, “అయిపోయిందర్రా,” అంది. అంతే. నలుగురూ గొల్లుమన్నారు.

ఆ ఏడుపు విని బంగార్రాజు జీపాపి దిగాడు. వెంట వాడి బామ్మర్ది ఉన్నాడు. సంగతి విని బంగార్రాజు తలపాగా తీసేశాడు. 

“మంచి కారు బావా. కొండమీద అనాథలా వదిలెయ్యకూడదు. కిందకి తీసుకెళ్ళి అన్నీ నేను చూసుకుంటాను. కాపోతే ఖర్చవుద్ది.” 

“ఖర్చుకి చూస్తావేటి? మనింట్లో పుట్టిపెరిగిన కారు,” అంటూ నూకాలమ్మ వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి మాట్లాడింది. వచ్చి పోలినాయుడి చేతిలో తాళం తీసి వాడికిచ్చింది.

బంగార్రాజు కారెక్కి తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారి తుమ్మి లేచింది. నత్తగుల్ల ఈలేసింది. జీపుని బామ్మర్ది తోలుతుంటే, కారుని వాడు తోలుకుంటూ ఘాటు దిగిపోయాడు. 

“ఎంత మంచోడు,” అన్నాడు సింహాద్రి కళ్ళు తుడుచుకుంటూ. “చచ్చినదాన్ని కూడా నడిపించుకెళ్తున్నాడు. మొయ్యాల్సిన పనే పెట్టలేదు.” 

“ఏడుస్తూ వెళ్ళింది, విన్నారా?” అన్నాడు తవుడు.

నలుగురూ నడిచి కొండ దిగుతున్నారు. నాలుగో మలుపులో పోలినాయుడికి అడగాలని తోచింది. 

“ఇంతకీ ఎంత పుచ్చుకున్నాడే?” 

నూకాలమ్మ ఖాళీ కొంగు దులిపి బొడ్లో దోపుకుంది. “పదివేలన్నాడు. నేనూరుకుంటానా? గీచి గీచి బేరమాడి, ఏడు వేల నలభైకి ఒప్పించాను.”